మేత కొట్టు సర్వర్ మార్పు: వైల్డ్‌ఫ్లై 14 నుంచి 30కి, 17 గంటల 45 నిమిషాల డైరీ

ఇందుకూరుపేట నుంచి మైపాడు వెళ్లే దారిలో ఒక రొయ్యల మేత కొట్టు ఉంది. అక్కడి ఖాతాల అప్లికేషన్ రాసింది నేనే, కాబట్టి అందులోని పాపాలన్నీ నావే. పాత కంప్యూటర్ బోర్డు కాలిపోయింది, డిస్కు మాత్రం బతికింది. కొత్త డబ్బా కొన్నాక పాత సాఫ్ట్‌వేరే మళ్లీ ఎక్కించడం ఇష్టం లేక వెర్షన్లన్నీ మార్చాను. పని జరిగినన్నాళ్లూ కొట్లో చీటీలు కార్బన్ పేపర్ పుస్తకంలో రాశారు.

ముందు పేర్ల సంగతి. వైల్డ్‌ఫ్లై అంటే జావా అప్లికేషన్లను నడిపే సర్వర్. జేడీకే అంటే జావా కిట్టు. హైబర్నేట్ అంటే జావా క్లాసులను డేటాబేస్ టేబుళ్లతో కలిపే లైబ్రరీ. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్, కనెక్టర్ అంటే జావాను దానితో కలిపే డ్రైవర్.

పాతది: జేడీకే 8, వైల్డ్‌ఫ్లై 14, హైబర్నేట్ 5.3, మైఎస్‌క్యూఎల్ 5.7, కనెక్టర్ 5.1.
కొత్తది: జేడీకే 17, వైల్డ్‌ఫ్లై 30, హైబర్నేట్ 6, మైఎస్‌క్యూఎల్ 8.0, ఉబుంటు 22.04, 8 జీబీ ర్యామ్.

ఈ డైరీలో మాటిమాటికీ వచ్చే టేబుళ్లు మూడు. చీటీ అంటే రైతు తీసుకెళ్లిన మేత బస్తాల లెక్క. జమ అంటే అతను కట్టిన డబ్బు. చెరువు అంటే ఎన్ని ఎకరాలు, సీడ్ ఎప్పుడు వేశారు అనే వివరం. జావా ఫైళ్లు మొత్తం 94.

దశ 0: బ్యాకప్

1. పాత డిస్కు నుంచి డేటాబేస్ డంప్ (మొత్తం డేటా ఒకే ఫైలుగా) తీశాను. 38 ఎంబీ.
2. దాన్ని కొత్త డబ్బాలో రెండు పేర్లతో ఎక్కించాను. ఒకటి అసలుది, రెండోది పాడుచేసుకోవడానికి.
3. రెండుచోట్లా చీటీల సంఖ్య, జమల మొత్తం పాత డిస్కులోని వాటితో సరిచూశాను.
4. పర్సిస్టెన్స్ ఫైల్లో (పర్సిస్టెన్స్.ఎక్స్ఎంఎల్, హైబర్నేట్ సెట్టింగులు ఉండే చోటు) హైబర్నేట్ టేబుళ్లను తనంతట తాను మార్చే ఆప్షన్ 'అప్‌డేట్' అని ఉంది. దాన్ని 'నన్' చేశాను.

నాలుగోది మాత్రం మరవొద్దు. అది ఎందుకో దశ 6లో తెలుస్తుంది.

పట్టిన సమయం 1:10. మొత్తం 1:10.

దశ 1: పాత కాన్ఫిగరేషన్ కాపీ కొట్టడం

సర్వర్ సెట్టింగులుండే పాత స్టాండలోన్.ఎక్స్ఎంఎల్‌ను తెచ్చి కొత్త సర్వర్ ఫోల్డర్లో పెట్టాను. సర్వర్ లేవలేదు. కాన్ఫిగరేషన్ చదవలేకపోయానని ఒక ముక్క చెప్పి ఆగిపోయింది. కారణం పాత సెక్యూరిటీ సబ్‌సిస్టమ్. వైల్డ్‌ఫ్లై 14లో అది డీఫాల్ట్‌గా ఉండేది, 25 నుంచి తీసేశారు. దాని స్థానంలో ఎలిట్రాన్ అనే కొత్త సెక్యూరిటీ వ్యవస్థ ఒక్కటే మిగిలింది. ఆ వరసలు ఒక్కొక్కటే పీకుతూ ముప్పావుగంట కూర్చున్నాను. ఒకటి పీకితే ఇంకోటి బయటపడుతోంది. చివరికి ఫైలంతా పక్కన పడేశాను.

మైఎస్‌క్యూఎల్ డ్రైవర్ మాడ్యూల్ ఫోల్డర్ కూడా అలాగే కాపీ కొట్టాను. అదీ లోడ్ కాలేదు. దాని మాడ్యూల్.ఎక్స్ఎంఎల్‌లో ఆధారాలుగా రాసిన జావాఎక్స్.ఏపీఐ, జావాఎక్స్.ట్రాన్సాక్షన్.ఏపీఐ అనే మాడ్యూళ్లు కొత్త సర్వర్లో లేవు. మొదటిదానికి బదులు జావా.ఎస్ఈ, రెండోదానికి బదులు జకార్తా.ట్రాన్సాక్షన్.ఏపీఐ అని రాయాలి.

పనిచేసిన పద్ధతి:

1. కొత్త సర్వర్‌తో వచ్చిన స్టాండలోన్.ఎక్స్ఎంఎల్‌ను చేత్తో మార్చొద్దు.
2. జేబాస్ సీఎల్ఐలో (సర్వర్‌కు ఆదేశాలిచ్చే టూల్) 'మాడ్యూల్ యాడ్' ఆదేశంతో డ్రైవర్ జార్ (జావా క్లాసులను కట్టిన ఫైలు) చేర్చండి.
3. డ్రైవర్ క్లాసు పేరు కొత్తది ఇవ్వండి. మధ్యలో 'సీజే' ఉన్న పేరు.
4. డేటాసోర్స్ (డేటాబేస్ కనెక్షన్ వివరాలు) కూడా సీఎల్ఐతోనే చేర్చండి.
5. ఈ ఆదేశాలన్నీ ఒక ఫైల్లో రాసి పెట్టుకోండి. నేను ఆ ఫైలును ఆ వారంలో 6 సార్లు వాడాను.

పట్టిన సమయం 1:30. మొత్తం 2:40.

దశ 2: ఐఎస్‌టీ అంటే ఏ దేశం?

డేటాసోర్స్ మీద టెస్ట్-కనెక్షన్-ఇన్-పూల్ నడిపాను. ఫెయిల్. సర్వర్ టైమ్ జోన్ 'ఐఎస్‌టీ' అని ఉంది, అది ఏదో గుర్తుపట్టలేను, లేదా ఒకటికన్నా ఎక్కువ జోన్లకు ఆ పేరు ఉంది అని ఎర్రర్.

దాని మాటలో అబద్ధం లేదు. ఇండియా టైమునూ ఐఎస్‌టీ అంటారు, ఇజ్రాయెల్ టైమునూ ఐఎస్‌టీ అంటారు. తప్పు నాది. పెన్‌డ్రైవ్‌లో ఎప్పటిదో కనెక్టర్ 8.0.19 జార్ ఉంటే, నెట్ స్లోగా ఉందని అదే వాడాను. తొందరలో కనెక్షన్ యూఆర్ఎల్ చివర సర్వర్‌టైమ్‌జోన్ అంటే యూటీసీ (ప్రపంచ ప్రామాణిక టైము) అని తగిలించాను. టెస్ట్ పాసైంది, ముందుకు పోయాను. ఆ మూడక్షరాలు దశ 5లో కాటేశాయి.

పట్టిన సమయం 1:20. అందులో గంట పైగా కరెంటు పోయి యూపీఎస్ అరుస్తుంటే కూర్చున్నదే. మొత్తం 4:00.

దశ 3: జావాఎక్స్ నుంచి జకార్తాకు

ఒరాకిల్ 2017లో జావా ఈఈని (సర్వర్ అప్లికేషన్ల కోసం జావా మీద కట్టిన ప్రమాణాలు) ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగించింది. కోడ్ అయితే ఇచ్చింది గానీ, జావా అనే పేరు మీద హక్కు తన దగ్గరే ఉంచుకుంది. అందుకే 2020లో వచ్చిన జకార్తా ఈఈ 9లో ప్యాకేజీల పేర్లన్నీ మార్చారు. వైల్డ్‌ఫ్లై 27 నుంచి సర్వర్‌కు కొత్త పేర్లే తెలుసు.

గ్రెప్‌తో వెతికితే జావాఎక్స్ ఉన్న వరసలు 412 తేలాయి. సెడ్‌తో అన్నింటినీ ఒక్క దెబ్బకు మార్చేశాను. కంపైల్ చేస్తే 37 వరసల్లో ఎర్రర్లు. జావాఎక్స్.ఎస్‌క్యూఎల్, జావాఎక్స్.నేమింగ్, జావాఎక్స్.క్రిప్టో, ఇవన్నీ జేడీకే సొంత ఆస్తి. జావా ఈఈతో పాటు ఎక్కడికీ పోలేదు. వాటికి జకార్తా రూపం లేదు.

మారాల్సినవి పర్సిస్టెన్స్, ఈజేబీ, ఇంజెక్ట్, ఎంటర్‌ప్రైజ్, సర్వ్‌లెట్, డబ్ల్యూఎస్.ఆర్ఎస్, ఫేసెస్. ట్రాన్సాక్షన్ మారాలి కానీ దాని కిందున్న ఎక్స్ఏ మారకూడదు. అనోటేషన్ మారాలి కానీ దాని కిందున్న ప్రాసెసింగ్ మారకూడదు. గిట్‌లో వెనక్కు పోయి ఈ జాబితాతో మళ్లీ నడిపాను. 375 మారాయి, 37 అలాగే ఉన్నాయి.

సెడ్ నడిపింది జావా ఫైళ్ల మీద మాత్రమే. పర్సిస్టెన్స్.ఎక్స్ఎంఎల్‌లో చేత్తో మార్చినవి:

1. పైనున్న నేమ్‌స్పేస్ జకార్తా.ఈఈ చిరునామాకు, వెర్షన్ 3.0కు.
2. జావాఎక్స్.పర్సిస్టెన్స్ అని మొదలయ్యే ప్రాపర్టీలన్నీ జకార్తా.పర్సిస్టెన్స్‌కు. పాత పేరున్నా హైబర్నేట్ అర్థం చేసుకుంటుంది గానీ లాగ్‌లో 90000021 నంబరుతో హెచ్చరిక పెడుతుంది. హెచ్చరికల మధ్య అసలు ఎర్రర్ కనబడదు, అందుకే మార్చేశాను.

పట్టిన సమయం 2:25. మొత్తం 6:25.

దశ 4: డిప్లాయ్ (అప్లికేషన్‌ను సర్వర్లోకి ఎక్కించడం), రెండు అడ్డంకులు

మొదటిది 0412 నంబరు ఎర్రర్, కావాల్సిన సర్వీసు లేదని. ఇది వస్తే పేరు తేడా ఉందేమో ముందు చూసుకోండి. పర్సిస్టెన్స్ ఫైల్లో జేటీఏ డేటాసోర్స్ పేరు జావా:జేబాస్/డేటాసోర్సెస్/మేతడీఎస్ అని ఉంది. సీఎల్ఐ ఫైల్లో నేను జావా:/మేతడీఎస్ అని కొట్టాను. ఎర్రర్లో ఆ పేరు చుక్కలతో విడగొట్టి కనిపిస్తుంది, దాన్ని అక్షరం అక్షరం పోల్చుకుంటే చాలు.

రెండోది డయలెక్ట్, అంటే ఏ డేటాబేస్‌తో ఎలా మాట్లాడాలో హైబర్నేట్‌కు చెప్పే క్లాసు. పాత ఫైల్లో మైఎస్‌క్యూఎల్5ఇన్నోడీబీడయలెక్ట్ అని రాసి ఉంది. హైబర్నేట్ 6లో ఆ క్లాసే లేదు. ఆ వరస తీసేశాను. కనెక్షన్‌ను చూసి హైబర్నేటే కనుక్కుంటుంది.

పట్టిన సమయం 0:55. మొత్తం 7:20.

దశ 5: పచ్చగా కనిపించే లాగ్

డిప్లాయ్ అయింది, లాగ్‌లో ఎరుపు లేదు. చీటీల పేజీ తెరిచాను, వచ్చింది. మేత ధరల పేజీ తెరిస్తే తెల్ల పేజీ. లాగ్‌లో 'ధర' అనే ఎంటిటీని (టేబుల్‌కు జత చేసిన జావా క్లాసు) గుర్తుపట్టలేనని ఉంది. పర్సిస్టెన్స్ ఫైల్లోని క్లాసుల జాబితాలో ధర ఉంది. డేటాబేస్‌లో టేబుల్ ఉంది. ఎంటిటీ ఎలా లేకుండా పోయింది?

ధర క్లాసు ఈ ప్రాజెక్టు సోర్స్‌లో లేదు. ఎప్పుడో నేను విడిగా కట్టిన ఒక కామన్ జార్‌లో ఉంది. ఆ జార్‌ను విప్పి, జావాపీ టూల్‌ను వివరంగా చూపించే ఆప్షన్‌తో క్లాసు ఫైలు మీద నడిపాను. కింద అనోటేషన్ల దగ్గర జావాఎక్స్.పర్సిస్టెన్స్.ఎంటిటీ అని తేలింది. పాత పేరు. అనోటేషన్ క్లాసు దొరక్కపోతే జావా కిక్కురుమనదు. అసలు ఆ అనోటేషనే లేనట్టు క్లాసును లోడ్ చేసుకుంటుంది. హైబర్నేట్ కంటికి ధర అనేది మామూలు క్లాసు అయిపోయింది. వేరే ఏ ఎంటిటీ కూడా దాన్ని వాడుకోవడం లేదు కాబట్టి డిప్లాయ్ అయ్యేటప్పుడు గొడవ రాలేదు.

ఆ జార్ సోర్స్ నా దగ్గర లేదు. ఎక్లిప్స్ ట్రాన్స్‌ఫార్మర్ అనే టూల్ కట్టిన జార్‌లోనే పేర్లు మార్చి కొత్త జార్ ఇస్తుంది. అది నడపడానికి 5 నిమిషాలు, తప్పు ఎక్కడుందో కనుక్కోవడానికి గంటన్నర. మీ లిబ్ ఫోల్డర్లో సొంతంగా కట్టిన జార్‌లు ఉంటే దశ 3లోనే వాటిని విప్పి చూడండి.

తర్వాత టైమ్. ఉదయం 8:15కి కొట్టిన పాత చీటీ మధ్యాహ్నం 1:45 అని చూపిస్తోంది. తేడా సరిగ్గా అయిదున్నర గంటలు. దశ 2లో తగిలించిన యూటీసీ పుణ్యం. డేటాబేస్‌లో ఉన్న టైమును యూటీసీ అనుకుని ఇండియా టైముకు మారుస్తోంది. కనెక్టర్ కొత్త జార్ తెచ్చి, జోన్ ఏషియా/కోల్‌కతా అని రాశాను. 8:15 మళ్లీ 8:15 అయింది. యూటీసీతో ఉండగా ఎక్కించిన టెస్ట్ చీటీలు అయిదున్నర గంటలు వెనక్కు పడ్డాయి. అదంతా పాడుచేసుకునే కాపీలో జరిగింది కాబట్టి డంప్ మళ్లీ ఎక్కించాను.

పట్టిన సమయం 2:10. మొత్తం 9:30.

దశ 6: నంబర్లు

కొత్త చీటీ కొట్టగానే చీటీ_ఎస్ఈక్యూ అనే టేబుల్ లేదని ఎర్రర్. హైబర్నేట్ 5లో ఐడీని (ప్రతి వరసకూ ఇచ్చే గుర్తింపు నంబరు) ఆటో అని వదిలేస్తే, ఆటో అని ఉన్న ఎంటిటీలన్నిటికీ హైబర్నేట్_సీక్వెన్స్ అనే ఒకే చోట నుంచి నంబర్లు వచ్చేవి. మైఎస్‌క్యూఎల్‌లో సీక్వెన్స్ (వరస నంబర్లు ఇచ్చే ఏర్పాటు) అనేది లేదు కాబట్టి అదీ ఒక టేబులే. హైబర్నేట్ 6లో ఎంటిటీకి ఒకటి చొప్పున విడి సీక్వెన్స్ కావాలి. దశ 0లో 'అప్‌డేట్' ఆపకపోయి ఉంటే ఆ టేబుళ్లను అదే సృష్టించి 1 నుంచి లెక్క మొదలుపెట్టేది, పాత చీటీల నంబర్ల మీద పడేది.

ప్రయత్నం 1: ల్యాప్‌టాప్‌లో ఆ టేబుళ్లను నేనే సృష్టించాను. ల్యాప్‌టాప్‌లో పనిచేసింది, సర్వర్లో చేయలేదు. ల్యాప్‌టాప్ విండోస్, అక్కడ మైఎస్‌క్యూఎల్ టేబుల్ పేర్లలో చిన్నక్షరాలు పెద్దక్షరాలు ఒకటే. లైనక్స్‌లో వేరు. నేను అన్నీ చిన్నక్షరాల్లో పెట్టాను, హైబర్నేట్ వెతికేది పెద్దక్షరాల ఎస్ఈక్యూ. పేరు మార్చి సరిచేయొచ్చు గానీ ఆ దారే వదిలేశాను. ఖాతా పుస్తకం పేజీలో చీటీలనూ జమలనూ కలిపి నంబరు వరసలో చూపిస్తాను. రెండింటికీ ఒకే నంబరు రాకూడదు.

ప్రయత్నం 2: హైబర్నేట్.ఐడీ.డీబీ_స్ట్రక్చర్_నేమింగ్_స్ట్రాటజీ అనే ప్రాపర్టీకి 'సింగిల్' అని ఇచ్చాను. పాత హైబర్నేట్_సీక్వెన్స్‌నే అన్నీ వాడుకుంటాయి. ఒక చీటీ కొట్టాను, ఎక్కింది. కొట్టు గుమాస్తాను కూర్చోబెట్టి పాత చీటీలు నాలుగు కొట్టి చూడమన్నాను. పది నిమిషాలకు పిలిచాడు.

"అబ్బయ్యా, మూడుసార్లు కొడితే ఒకసారి ఎక్కతా ఉండాది. నా చెయ్యి మంచిది కాదా ఏంది?"

"నీ చెయ్యి బానే ఉందన్నా, ఇంకో రెండు కొట్టు, చూస్తాను."

లాగ్‌లో డూప్లికేట్ ఎంట్రీ అని వరసగా ఉంది. మొత్తం 22 ప్రయత్నాల్లో 14 పోయాయి, 8 ఎక్కాయి. కనెక్షన్ పూల్ (ముందే తెరిచి ఉంచే డేటాబేస్ కనెక్షన్ల గుంపు) సైజు చాలక ట్రాన్సాక్షన్లు మళ్లీ నడుస్తున్నాయేమో అని ఊహించి 5ను 20 చేసి సర్వర్ రీస్టార్ట్ చేశాను. తర్వాత కొట్టిన చీటీలన్నీ ఎక్కాయి. పూల్ వల్లే అని నోట్సులో రాసుకుని ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

మరుసటి రోజు రిహార్సల్ కోసం డంప్‌ను తాజాగా ఎక్కించాను. పూల్ 20లోనే ఉంది. డూప్లికేట్లు మళ్లీ వచ్చాయి.

అప్పుడు గానీ నంబర్లు చూడలేదు. డంప్‌లో హైబర్నేట్_సీక్వెన్స్ టేబుల్లో మూడు వరసలున్నాయి, మూడింటిలోనూ 48,214. మూడు వరసలెందుకంటే మొదట్లో టేబుల్ సృష్టించినప్పుడు హైబర్నేట్ 5 ఎంటిటీకి ఒకటి చొప్పున చేర్చింది. అన్నీ కలిసే పెరుగుతాయి కాబట్టి దానితో ఇబ్బంది లేదు. 48,214 అంటే వాడిన చివరి నంబరు 48,213. కొత్త సర్వర్లో ఎక్కిన మొదటి చీటీ నంబరు చూస్తే 48,214కు చాలా వెనక ఉంది. 48,165 నుంచి మొదలుపెడుతోంది.

కారణం ఇదీ. హైబర్నేట్ 6 ఇలాంటి సీక్వెన్స్ ఒక్కో అడుగుకు 50 నంబర్లు పెరుగుతుంది అనుకుంటుంది. టేబుల్ నుంచి 48,214 చదివి, అది 50 నంబర్ల గుంపులో చివరిది అని లెక్క వేస్తుంది. గుంపు మొదలు 48,214 లోంచి 49 తీసేస్తే 48,165. టేబుల్లో 48,264 అని రాసేస్తుంది. పాత సర్వర్ ఒక్కొక్కటే పెంచింది కాబట్టి ఆ గుంపులో 49 నంబర్లు అప్పటికే వాడినవి.

ఆ 49 ఎవరివో క్వెరీ రాసి చూశాను: చీటీలు 31, జమలు 12, చెరువులు 6. కొత్త చీటీకి వచ్చిన నంబరు పాత చీటీది అయితే ఎర్రర్. జమదో చెరువుదో అయితే చప్పుడు లేకుండా ఎక్కుతుంది. గుమాస్తా అన్న లెక్క సరిగ్గా సరిపోయింది, మూడింటికి ఒకటి. రీస్టార్ట్ చేస్తే ఎందుకు తగ్గిందంటే, అప్పుడు టేబుల్లో 48,264 చదివి 48,215 నుంచి మొదలుపెట్టింది. అక్కడ నుంచి ఖాళీనే. పూల్‌కు దీనితో ఏ సంబంధమూ లేదు, దాన్ని మళ్లీ 5 చేశాను.

పోయిన 14 గురించి నాకు బాధ లేదు, అవి అరిచి చెప్పాయి. ఎక్కిన 8 చీటీలే టెన్షన్ పెట్టాయి. ఆ ఎనిమిదింటి నంబర్లూ పాత జమలవో చెరువులవో. అసలు డేటాబేస్ మీద ఇది జరిగి ఉంటే ఖాతా పుస్తకంలో ఒకే నంబరుతో ఒక చీటీ, ఒక జమ పక్కపక్కన ఉండేవి. నేను రీస్టార్ట్ చేసి ఇంటికి పోయేవాణ్ని.

ప్రయత్నం 3: టేబుల్లోని నంబరుకు 49 కలపడం. 48,263 అవుతుంది, గుంపు 48,214 నుంచి మొదలవుతుంది. పరీక్షించాను, డూప్లికేట్లు లేవు. మీకు ఐడీ అనేది లోపలి వ్యవహారమే అయితే ఇక్కడితో ఆగొచ్చు. నాకు కుదరలేదు. నేను ఐడీనే చీటీ మీద నంబరుగా ప్రింట్ చేస్తున్నాను. గుంపు పద్ధతిలో చీటీకి ఒక 50, జమకు ఒక 50 విడిగా పోతాయి. సర్వర్ ఆపి లేపిన ప్రతిసారీ మిగిలిన నంబర్లు గాలికి పోతాయి. మా వైపు కరెంటు సంగతి తెలిసిందే. చీటీల మధ్య ముప్ఫై నంబర్లు మాయమైతే కొట్టు యజమాని ముందు అనుమానించేది గుమాస్తానే.

ప్రయత్నం 4, నిలబడింది ఇదే:

1. మూడు ఎంటిటీల్లో జనరేషన్ టైప్ ఆటో తీసి సీక్వెన్స్ అని పెట్టాను.
2. సీక్వెన్స్ జనరేటర్ అనోటేషన్లో సీక్వెన్స్ పేరు హైబర్నేట్_సీక్వెన్స్, అలొకేషన్ సైజు 1.
3. 'సింగిల్' ప్రాపర్టీ తీసేశాను. పేరు నేరుగా ఇచ్చాక దాని అవసరం లేదు.
4. తాజా డంప్ మీద మొదటి చీటీ నంబరు 48,214. తర్వాత జమ 48,215. రీస్టార్ట్. తర్వాత చీటీ 48,216.

50 చొప్పున తీసుకోవడం వల్ల డేటాబేస్‌కు తిరుగుళ్లు తగ్గుతాయి, నిజమే. మా కొట్లో రద్దీ రోజు కూడా 150 చీటీలు దాటవు. ఆ ఆదాతో నాకేం పని. పైగా టేబుల్ పాత పద్ధతిలోనే ఉంటుంది కాబట్టి అవసరమైతే వైల్డ్‌ఫ్లై 14కు వెనక్కు పోవచ్చు.

పట్టిన సమయం 6:30. మొత్తం 16:00.

దశ 7: అసలు డేటాబేస్ మీద

కొట్టు మూశాక రాత్రి తొమ్మిదిన్నరకు మొదలుపెట్టాను.

1. అసలు డేటాబేస్‌లో సీక్వెన్స్ 48,214 ఉందని చూశాను.
2. మూడు టేబుళ్లలోకీ పెద్ద ఐడీ 48,213 అని చూశాను.
3. సీఎల్ఐ ఫైలు నడిపి డేటాసోర్స్ యూఆర్ఎల్‌ను అసలు డేటాబేస్‌కు తిప్పాను.
4. డిప్లాయ్ చేశాను. పేజీలన్నీ ఒక్కొక్కటే తెరిచాను, ముఖ్యంగా ధరల పేజీ.
5. పాత చీటీలు పదింటి టైము పాత ప్రింట్లతో పోల్చాను.

ఒక్కటే తేడా వచ్చింది. ప్రింటర్‌కు కొత్త డబ్బాలో డ్రైవర్ లేదు. దానికి ముప్పావుగంట పోయింది, ఈ డైరీకి సంబంధం లేదు.

పట్టిన సమయం 1:45. మొత్తం 17:45.

మిగిలిన పని

చీటీ నంబరుకు విడి కాలమ్ పెట్టాలి, ఐడీని ప్రింట్ చేయడం మానాలి. పాత చీటీల్లో ఆ కాలమ్‌ను ఐడీతోనే నింపేస్తాను. సోర్స్ లేదు కాబట్టి కామన్ జార్‌లోని కోడ్ మళ్లీ రాసి కట్టాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చిన జార్ మీద నాకు నమ్మకం ఉంది గానీ, అందులో ఒక వరస మార్చాల్సి వస్తే చేతులెత్తేయాలి.

కార్బన్ పుస్తకంలో 386 చీటీలు పేరుకున్నాయి. గుమాస్తా అన్న నిన్న సాయంత్రం కూర్చుని 140 ఎక్కించాడు. చివరిదాని నంబరు 48,353.